మెక్సికో ఎడారిలో చిన్నతనం: సాంతా రొసాలియా, అలాంటి ఊళ్ళు తెలిసినవాళ్ళు రండి

రాగికొండ · శనివారం ఉదయం 10:15

ఈ వేదికలో దుబాయ్, మస్కట్, కువైట్‌లలో పెరిగిన పిల్లల కబుర్లు బోలెడు చదివాను. మెక్సికో ఎడారిలో పెరిగినవాళ్ళు ఒక్కరూ రాసినట్టు కనపడలేదు. అందుకే నేనే మొదలుపెడుతున్నాను.

మా నాన్న గని ఇంజనీరు. 2011లో ఉద్యోగం మీద మమ్మల్ని సాంతా రొసాలియాకి తీసుకెళ్ళారు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి ఐదు. 2015 వరకు అక్కడే ఉన్నాం. మ్యాపులో అమెరికా కాలిఫోర్నియాకి కింద సన్నగా, పొడుగ్గా ఒక ద్వీపకల్పం ఉంటుంది చూడండి, అదే బాహా కాలిఫోర్నియా. దాని దక్షిణ సగం బాహా కాలిఫోర్నియా సుర్ రాష్ట్రం. అందులో తూర్పు ఒడ్డున, కాలిఫోర్నియా సింధుశాఖ పక్కన మా ఊరు. ఉత్తరాన అమెరికా సరిహద్దులో ఉన్న టిహువానా నగరానికి వెళ్ళాలంటే 900 కిలోమీటర్ల పైమాటే. దక్షిణాన రాష్ట్ర రాజధాని లా పాస్ 500 దాటుతుంది. మధ్యలో అంతా రాళ్ళు, ఎండిన వాగులు, మేడంత ఎత్తు పెరిగే కార్దోన్ అనే బ్రహ్మజెముడు జాతి చెట్లు.

ఊరు రెండు గుట్టల మధ్య వాగులో ఉంటుంది. అది ఫ్రెంచివాళ్ళు కట్టిన ఊరు. 1868లో హోసే రోసాస్ విల్యావిసెన్సియో అనే పశువుల కాపరికి కొండల్లో ఆకుపచ్చ, నీలం రంగు గుండ్రాళ్ళు దొరికాయి. అవి రాగి ఖనిజం. ఆ చోటు చూపించినందుకు అతనికి పదహారు పెసోలు ఇచ్చారని ఊళ్ళో కథగా చెప్పుకుంటారు. 1885లో ఫ్రాన్స్‌లో బోలెయో కంపెనీ పుట్టింది. మెక్సికో అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ దానికి రాయితీలిచ్చాడు. అక్కడ కలపకి పనికొచ్చే చెట్టనేదే లేదు కాబట్టి ఉత్తర అమెరికా పడమటి తీరం నుంచి ఓడల్లో కలప తెప్పించి వరండాలున్న చెక్క ఇళ్ళు కట్టారు. మేం ఉన్నదీ అలాంటి ఇంట్లోనే. నడిస్తే నేల కిర్రుమనేది. రాత్రి చల్లబడ్డాక గోడలు టిక్కుటిక్కుమనేవి. తమ్ముడు భయపడి నా పక్కలోకి వచ్చేసేవాడు.

ఊరి మధ్యలో ఇనుప చర్చి ఉంది, సాంతా బార్బరా చర్చి. గోడలన్నీ ఇనుప రేకులే. విడి ముక్కలుగా ఓడలో వస్తే 1890ల చివర్లో బిగించారు. ఐఫిల్ టవర్ కట్టిన ఐఫిల్ తయారుచేసిందని చెబుతారు. మాకు ఐఫిల్ ఎవరో తెలీదు, తెలిసింది ఆ రేకుల వేడి ఒక్కటే. బడి వదిలాక పడమటి గోడ దగ్గర చేరి, అరచెయ్యి రేకుకి ఆనించి ఎవరు ఎక్కువసేపు ఉంచుతారో చూసుకునేవాళ్ళం. పెయింటు పెచ్చులూడిన చోట మరీ కాలేది. ఒకటి, రెండు, మూడు అని స్పానిష్‌లో నేను మొదట నేర్చుకున్న అంకెలు ఆ గోడ దగ్గర నేర్చుకున్నవే. పక్కింటి అమ్మాయి ఏడు దాకా ఉంచేది. నేను నాలుగు దాటలేదు.

ఇలాంటి ఊళ్ళో ఉన్నవాళ్ళు, అటువైపు తిరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి. అందరూ "అయ్యో, ఎడారిలోనా!" అంటారు. నాకు మాత్రం ఆ నాలుగేళ్ళూ నిండుగా గడిచాయి.


దక్షిణదారి · శనివారం ఉదయం 11:02

సాంతా రొసాలియా! ఈ పేరు తెలుగులో చూస్తాననుకోలేదు. నేను శాండియాగోలో ఉంటాను. చలికాలంలో కారేసుకుని ఆ దారిలో కిందికి వెళ్తుంటాను. 1973లో పూర్తయిన ఒకటో నంబరు హైవే అది. అంతకుముందు ఆ ద్వీపకల్పంలో నిలువునా పోయే తారురోడ్డే లేదు.

ఎవరైనా వెళ్ళేట్టయితే రెండు జాగ్రత్తలు. ఎల్ రొసారియో దాటాక దాదాపు 300 కిలోమీటర్లు పెట్రోలు బంకు ఉండదు, ట్యాంకు నింపుకోకుండా కదలొద్దు. రాత్రి డ్రైవింగ్ అసలొద్దు. రోడ్డు వెచ్చగా ఉంటుందని ఆవులు దాని మీదే పడుకుంటాయి. సాంతా రొసాలియా ఇంకాసేపట్లో వస్తుందనగా ఒక నిలువు దిగుడు వస్తుంది. పేరే నరకపు దిగుడు, క్వెస్తా దెల్ ఇన్ఫియెర్నో. లారీలు మొదటి గేరులో దిగుతాయి. ఆ మలుపుల్లో ఒక్కసారిగా సముద్రం కనిపిస్తుంది. పొద్దున్నుంచీ బూడిదరంగు తప్ప ఏమీ చూడని కళ్ళకి ఆ నీలం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

బోలెయో బేకరీ ఇంకా ఉంది. 1901 నాటిదని బోర్డు మీద రాసుంటుంది.


రాగికొండ · శనివారం ఉదయం 11:30

బేకరీ గురించి రాయడమే మర్చిపోయాను! పొద్దున్నే నాన్న షిఫ్టుకి వెళ్తూ నన్ను అక్కడ దింపేవారు. పెద్ద కట్టెల పొయ్యి. పళ్ళెం, పటకారు తీసుకుని మనకి కావలసినవి మనమే ఏరుకోవాలి. ఫ్రెంచి పద్ధతి పొడుగు బ్రెడ్డు కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు. ఇంటికొచ్చేసరికి దాని కొస మాయమయ్యేది. అమ్మ తిట్టేది కాదు. మిగతాది మధ్యకి చీల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసిన బంగాళాదుంప కూర పెట్టి బడికి కట్టేది. క్లాసులో ఆ డబ్బాకి గిరాకీ ఎక్కువ.


బొగ్గుట్ట_బాబాయ్ · శనివారం మధ్యాహ్నం 1:20

అమ్మా, నేను సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. పుట్టింది ఇల్లెందులో, అంటే మా బొగ్గుట్టలో. నువ్వు రాసింది చదువుతుంటే మా ఊరే కళ్ళముందుకొచ్చింది. ఇల్లెందు దగ్గర బొగ్గుందని 1871లో విలియం కింగ్ కనిపెట్టాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో వచ్చింది. మీ బోలెయో 1885 అంటున్నావు. ఇక్కడ బొగ్గు, అక్కడ రాగి, ఒకే కాలంలో రెండు కంపెనీ ఊళ్ళు లేచాయన్నమాట.

మాకు ఆఫీసర్ల బంగళాలు ఒకవైపు, కార్మికుల క్వార్టర్లు ఒకవైపు. క్వార్టరు చూస్తే ఇంటాయన హోదా తెలిసిపోయేది. మీ దగ్గరా అంతేనా? అక్కడ ఫ్రెంచివాళ్ళు ఎక్కడుండేవారు?


రాగికొండ · శనివారం మధ్యాహ్నం 2:05

అంతే బాబాయ్ గారూ. ఉత్తరం వైపు గుట్ట మీద ఫ్రెంచి అధికారుల ఇళ్ళు, దాన్ని ఇప్పటికీ మెసా ఫ్రాన్సియా అంటారు. పాత కంపెనీ ఆఫీసే ఇప్పుడు మ్యూజియం. 1886 నాటి ఫ్రెంచి హోటలూ పైనే ఉంది. దక్షిణం గుట్ట మెసా మెహికో, అక్కడ మెక్సికో ప్రభుత్వ అధికారులు, సైనికులు ఉండేవారు. కూలీల ఇళ్ళన్నీ కింద వాగులో. పైన గాలి ఆడుతుంది, కింద ఉక్క, కొలిమి పొగ. నా స్నేహితులందరూ కిందివాళ్ళే, మా ఇల్లూ కిందే. పై గుట్టకి ఎక్కితే గాలి వేరుగా ఉండేదని పిల్లలకి కూడా తెలిసిపోయేది.

ఊరంతా పాత యంత్రాలే. చిన్న రైలింజన్లు రోడ్డు పక్కన నిలబడి ఉంటాయి, ఎక్కి ఆడుకోవచ్చు. కొలిమిలోంచి వచ్చిన నల్ల చిట్టెంతోనే రేవు గోడ కట్టారు. సముద్రం ఒడ్డు కూడా నల్లగానే ఉంటుంది. మే నెల నుంచి చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం.


పాతచరిత్ర · శనివారం సాయంత్రం 5:48

ముందుగా, జ్ఞాపకాలు బాగున్నాయి. కానీ కంపెనీ ఊళ్ళ గురించి ఇలా ముచ్చటగా చెప్పుకుంటుంటే నాకు మనసొప్పదు. ఆ గనుల్లో పనిచేసింది ఎక్కువగా సింధుశాఖ అవతలి సొనోరా రాష్ట్రం నుంచి తెచ్చిన యాకీ జాతివాళ్ళు. దియాస్ ప్రభుత్వం వాళ్ళ భూముల కోసం వాళ్ళతో యుద్ధాలు చేస్తున్న రోజులవి. తరవాత చైనా నుంచి, జపాన్ నుంచి కూలీలని ఓడల్లో దింపారు. జీతం కంపెనీది, సరుకుల కొట్టూ కంపెనీదే. గనుల్లో వేడి, దుమ్ము, ఊపిరితిత్తుల జబ్బులు. ఆ చర్చి ఐఫిల్‌ది కాదని వాదించే పరిశోధకులు కూడా ఉన్నారు. దాని గురించి పేజీలు రాస్తారు, ఆ యాకీ కూలీల గురించి ఒక్క బోర్డు ఉండదు.


రాగికొండ · శనివారం రాత్రి 8:10

మీరు చెప్పింది నిజమే. నేను కాదనను. మా పక్కింటి పెద్దావిడ (పెద్దవాళ్ళని గౌరవంగా దోన్యా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం) వాళ్ళ తాతగారు సొనోరా నుంచి వచ్చిన యాకీ మనిషి. గనిలో దిగిన ఏ పిల్లాడూ అక్కడ బాల్యం అనేది చూడలేదని ఆవిడే అనేది. గుట్ట మీది శ్మశానానికి నవంబరు 2న ఆవిడతో కలిసి వెళ్ళేవాళ్ళం. బంతిపూలు తీసుకెళ్ళేవాళ్ళం. మెక్సికో బంతిపూలు మన బంతిపూలే, అసలు మనకి ఆ పువ్వు వచ్చిందే అక్కడి నుంచి. కొన్ని సమాధుల మీద పేరు కూడా లేదు, తుప్పుపట్టిన ఇనుప శిలువ ఒక్కటే. దోన్యా అలాంటివాటి మీద కూడా తలా నాలుగు పూలు పెట్టి వచ్చేది. "ఎవరో ఒకరి తాత" అనేది.

ఆ ఊరంటే నాకు ప్రేమ అని చెబుతున్నానంటే కంపెనీని మెచ్చుకుంటున్నానని కాదు. దోన్యా ఉన్న ఊరు కాబట్టి నాకు ఆ ఊరంటే ప్రేమ.


బొగ్గుట్ట_బాబాయ్ · శనివారం రాత్రి 9:00

పాతచరిత్ర గారూ, గని ఊళ్ళో పుట్టినవాడిగా చెబుతున్నాను. మా నాన్న దగ్గు వింటూ పెరిగాను. అదే ఇంట్లో దసరాకి పులివేషాలు చూస్తూ కూడా పెరిగాను. పిల్లవాడికి రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. మీరడిగింది అడగాల్సిందే, ఆ అమ్మాయి చెప్పింది చెప్పాల్సిందే.

అమ్మా, మీ నాన్నగారు దిగిన గని పాత ఫ్రెంచి గనేనా?


రాగికొండ · శనివారం రాత్రి 9:25

పాత కంపెనీ 1954లో వెళ్ళిపోయింది బాబాయ్ గారూ. ఆ తరవాత 1985 వరకు ప్రభుత్వమే నడిపింది. చాలాకాలం మూతపడి ఉన్నాక కొరియా పెట్టుబడితో మళ్ళీ తెరిచారు. నాన్న వచ్చింది ఆ పనికే. 2015 జనవరిలో మొదటి రాగి బయటికొచ్చింది. పైకప్పు మెత్తటి బంకమట్టి, ఆగదు అని నాన్న ఇంట్లో టెన్షన్ పడటం గుర్తుంది. భోజనం దగ్గర కూడా కాగితం మీద ఏవో గీతలు గీస్తూ కూర్చునేవారు.


ఖనిజం · ఆదివారం ఉదయం 7:45

జియాలజీ చదువుతున్నాను కాబట్టి ఆగలేకపోతున్నాను. బోలెయో అంటే ఖనిజాలు సేకరించేవాళ్ళకి పుణ్యక్షేత్రం! బోలియైట్ అనే ఖనిజానికి ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. 1891లో మొదటిసారి వర్ణించారు. చిన్న చిన్న ఘనాలుగా, ముదురు నీలంరంగులో ఉంటుంది. సీసం, వెండి, రాగి, క్లోరిన్ అన్నీ కలిసి ఉంటాయి అందులో. దానికి చుట్టమైన క్యుమెంజైట్ అనే ఇంకో నీలం ఖనిజానికి అక్కడ పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు క్యుమెంజ్ పేరు పెట్టారు. ఇలాంటి రాళ్ళు మీకు చిన్నప్పుడు కనిపించాయా అక్కా?


రాగికొండ · ఆదివారం ఉదయం 8:30

అంత గొప్పవి దొరకలేదు తమ్ముడూ. కానీ ఆకుపచ్చ గుండ్రాళ్ళు వాగు నిండా ఉండేవి. వేలితో రుద్దితే పచ్చటి పొడి అంటుకునేది. తమ్ముడు షూ డబ్బా నిండా పోగేశాడు. వరండా మీద రోజూ నల్లటి సన్న ఇసుక పేరుకునేది, అమ్మ రెండు పూటలా ఊడ్చేది. ఆ నేలలో, రేవు అడుగు బురదలో రాగి, కోబాల్ట్, మాంగనీసు బాగా ఎక్కువని తరవాత చదివాను. నాన్నకి తెలుసు కాబోలు, బయట ఆడొచ్చాక చేతులు కడగందే ముద్ద పెట్టనిచ్చేవారు కాదు.


కొవావిలా_కోడలు · ఆదివారం ఉదయం 10:50

నాది మరో ఎడారి. మాది నెల్లూరు. మావారిది కొవావిలా రాష్ట్రంలో క్వాత్రో సియెనెగస్, చివావా ఎడారి నడిబొడ్డున ఉంటుంది. చిన్నతనం ఆయనది, నేను చెబుతున్నాను.

ఆ లోయలో వందల నీటిగుంటలున్నాయి. ఎడారిలో, కొండల మధ్య, అద్దంలాంటి నీళ్ళు. ఆ నీళ్ళలో తప్ప లోకంలో మరెక్కడా దొరకని చేపలు, నత్తలు, నీళ్ళలో బతికే ఒక రకం పెట్టె తాబేలు ఉన్నాయి. కోట్ల ఏళ్ళనాటి జీవులు కట్టినట్టు సూక్ష్మజీవులు ఇప్పటికీ అక్కడ రాళ్ళు కడుతున్నాయి. వాలేరియా సౌసా అనే శాస్త్రవేత్త ఆ సూక్ష్మజీవుల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. పక్కనే జిప్సం ఇసుక దిబ్బలు, పిండి పోసినట్టు తెల్లగా. 1994లో ఆ లోయని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

మావారు చిన్నప్పుడు చురిన్సే అనే చెరువు దగ్గర ఆడుకునేవారట. సెలవుల్లో మేనత్త పిల్లలందరూ అక్కడే. ఆ చెరువు ఇప్పుడు లేదు. చుట్టుపక్కల అల్‌ఫాల్ఫా గడ్డి పండించడానికి కాలవల్లో, బోర్లలో నీళ్ళన్నీ తోడేశారు. నన్ను మొదటిసారి తీసుకెళ్ళి చూపించింది పగుళ్ళిచ్చిన నేల, చచ్చిన గుల్లలు. ఆయన ఒడ్డు ఎక్కడుండేదో కాలితో గీత గీసి చూపించారు. నాకు మాట రాలేదు. పశువుల మేత కోసం ఎడారి నీళ్ళు తోడటం ఏం లెక్క చెప్పండి? దీని గురించి నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

రాగికొండ గారూ, మీ ఊరైనా ఉంది. సంతోషం.


దక్షిణదారి · ఆదివారం ఉదయం 11:15

చురిన్సే సంగతి విని మనసు పాడైంది అమ్మా. బాహాలో కూడా నీళ్ళున్న చోటే ఊరు. సాంతా రొసాలియాకి పడమర సాన్ ఇగ్నాసియో అని ఒయాసిస్సు ఉంది. 1728లో జెసూట్ పాదిరీలు అక్కడ మఠం పెట్టి ఖర్జూరం చెట్లు నాటారు. ఎడారిలోంచి ఆ తోటలోకి దిగగానే గాలిలో తేమ తగులుతుంది.


రాగికొండ · ఆదివారం మధ్యాహ్నం 12:40

సాన్ ఇగ్నాసియో ఖర్జూరాలు మా ఇంట్లో డబ్బాలో ఎప్పుడూ ఉండేవి. ఇంక తిండి సంగతికొస్తే, మేం మాంసం తినం. అదే అమ్మకి పెద్ద యుద్ధం. చిక్కుడుగింజలు కూడా పందికొవ్వుతో వండుతారు, తోర్తియాలంటే వాళ్ళ రొట్టెలు, గోధుమ తోర్తియాల్లోనూ అదే కొవ్వు. బయట తినడానికి మొక్కజొన్న తోర్తియా, జున్ను, బ్రెడ్డు, పళ్ళే దిక్కు. చింతపండుకి మాత్రం కరువు లేదు. అక్కడ చింతపండుతో షర్బత్ చేస్తారు, కారం చల్లి బిళ్ళలు చేస్తారు. మామిడికాయ మీద నిమ్మరసం, ఉప్పు, కారం. తమ్ముడు అక్కడికి వచ్చాక అన్నం కన్నా అవే ఎక్కువ తిన్నాడు.

కొండల్లో సాన్ హోసే దె మగ్దలేనా అని చిన్న పల్లె ఉంది, వెల్లుల్లికి పేరు. జడల్లాగా అల్లి అమ్ముతారు. అమ్మ ఒక జడ కొని వంటింటి మేకుకి తగిలించి, రోజూ కింది నుంచి ఒక్కో గడ్డ తుంచేది. ఆ గడ్డలు చిన్నవి, తొక్క ఊదారంగు, ఘాటు బాగా ఎక్కువ. పప్పులో పోపు వేస్తే దోన్యా తన వరండాలోంచే ఏమిటది అని కేకేసేది. ఒకరోజు గిన్నె పట్టుకుని వచ్చేసింది. ఆ తరవాత మా ఇంట్లో పప్పు ఉన్న రోజు వాళ్ళింట్లో కూడా పప్పు ఉన్నట్టే.


వేపచెట్టు · ఆదివారం మధ్యాహ్నం 3:30

నమస్తే అండీ. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ సరిగ్గా నాకోసమే మొదలైనట్టుంది. మావారికి సకతేకాస్ రాష్ట్రంలో మసాపిల్ దగ్గర గనిలో ఉద్యోగం వచ్చింది. అది కూడా ఎడారే అంటున్నారు. మా పాప మూడో తరగతి. పాపని తీసుకుని నేను కూడా వెళ్ళాలా, విజయవాడలో అత్తయ్యగారి దగ్గర ఉండిపోవాలా తేల్చుకోలేక రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. స్పానిష్ ఒక్క ముక్క రాదు. పాప చదువు పాడైపోతుందేమో అని భయం. రాగికొండ గారూ, మీరు బడికి ఎలా అలవాటు పడ్డారు?


రాగికొండ · ఆదివారం సాయంత్రం 4:50

అక్కా, మమ్మల్ని నాన్న అక్కడి ప్రభుత్వ బళ్ళోనే వేశారు. మొదటి నెలంతా నాకేమీ అర్థం కాలేదు. ప్రతి సోమవారం పొద్దున జెండా వందనం ఉంటుంది. అరచెయ్యి నేలవైపు తిప్పి, చేతిని గుండెకి అడ్డంగా పెట్టి నిలబడాలి. ఆరుగురు పెద్ద క్లాసు పిల్లలు జెండాతో కవాతు చేస్తారు. నేను పక్కవాళ్ళని చూసి చెయ్యి పెట్టాను, తలకిందులుగా. టీచరమ్మ వచ్చి ఏమీ అనకుండా నా మణికట్టు పట్టుకుని తిప్పింది, వెళ్ళిపోయింది. అంతే. ఎవరూ నవ్వలేదు.

దీపావళి రావడానికి ముందే మాట్లాడేశాను. తమ్ముడైతే ఇంకా ముందు. పిల్లలకి ఆటలో భాష వచ్చేస్తుంది. లెక్కలు ఎక్కడైనా అవే కదా, నాన్న ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేవారు. తెలుగు చదవడం, రాయడం మాత్రం అమ్మ వదలలేదు. తిరిగొచ్చాక హైదరాబాద్‌లో ఒక ఏడాది హిందీతో కష్టపడ్డాను, తరవాత సర్దుకుంది.

పాపని అక్కడివాళ్ళ పిల్లల మధ్య వెయ్యండి. మనవాళ్ళు నలుగురు ఉన్నారని వాళ్ళ మధ్యే ఉంచితే ఊరు కనపడదు.


కొవావిలా_కోడలు · ఆదివారం సాయంత్రం 5:30

వేపచెట్టు గారూ, మసాపిల్ మా రాష్ట్రం సరిహద్దుకి దగ్గరే. ఒక్క మాట, గని దగ్గరే కాపురం పెట్టాలా అన్నది మీవారిని గట్టిగా అడగండి. అటువైపు గనుల్లో చాలామంది షిఫ్టుల ప్రకారం గని దగ్గర ఉండి, కుటుంబాన్ని సల్తియోలోనో సకతేకాస్‌లోనో ఉంచుతారు. సల్తియో పెద్ద నగరం, బళ్ళు, ఆస్పత్రులు ఉన్నాయి. చలి కూడా ఉంటుంది, స్వెట్టర్లు తెచ్చుకోండి. ఎడారి అంటే మనవాళ్ళు ఎండే అనుకుంటారు, ఆ ఎత్తులో జనవరి రాత్రి నీళ్ళు గడ్డకడతాయి.


పాతచరిత్ర · ఆదివారం సాయంత్రం 6:05

పిల్లలు సర్దుకుంటారు, సరే. అమ్మల సంగతి ఏమిటి? రాగికొండ గారూ, మీ అమ్మగారు ఆ నాలుగేళ్ళూ ఎలా గడిపారో అది కూడా రాస్తే ఈవిడకి ఉపయోగం.


రాగికొండ · ఆదివారం రాత్రి 9:15

మంచి ప్రశ్న అడిగారు. ఇప్పుడే అమ్మతో మాట్లాడి వచ్చాను. తను చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

మొదటి ఏడాది నరకం అంది. డ్రైవింగ్ రాదు, భాష రాదు, నాన్న షిఫ్టులో ఉంటే ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. అమ్మమ్మకి ఫోన్ చెయ్యాలంటే పన్నెండున్నర గంటల తేడా. మాకు రాత్రయితే ఇండియాలో పొద్దు, అందరూ పనుల హడావుడిలో ఉంటారు. జ్వరం వచ్చిన రోజుల్లో పసుపు పాలు కలిపిచ్చే చెయ్యి లేదని ఏడ్చేదట. ఇవేవీ మాకు అప్పుడు తెలీవు. నేను చర్చి గోడ దగ్గర ఆడుకుంటుంటే అమ్మ ఇంట్లో ఏడుస్తోందని నాకు ఈ రాత్రే తెలిసింది.

మారింది ఎక్కడంటే గ్రంథాలయం దగ్గర. మీకు ఇది నమ్మశక్యం కాదేమో, ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీ పేరు మహాత్మా గాంధీ. పార్కు పక్కన పాత చెక్క భవనం. ఒకరోజు కూరగాయలకి వెళ్ళి ఆ బోర్డు చూసి అమ్మ అక్కడే నిలబడిపోయింది. లోపలికెళ్ళి, గోడ మీది గాంధీ పేరు చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఇండియా" అంది. అక్కడి ఆవిడ కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి ముందు పెట్టింది. ఆ తరవాత మధ్యాహ్నాలన్నీ అమ్మ అక్కడే. మా కన్నా అమ్మ స్పానిష్‌లో వ్యాకరణం తప్పులు తక్కువ, ఎందుకంటే పుస్తకంలో నేర్చుకుంది.

2014 సెప్టెంబరులో ఓడిల్ తుపాను వచ్చింది. మూడో తరగతి తీవ్రతతో దక్షిణ కొసన కాబో దగ్గర ఒడ్డెక్కి, ద్వీపకల్పం మీదుగా పైకి వచ్చింది. ఏడాదంతా చినుకు పడని ఊళ్ళో వాగుకి వాగే ప్రాణం పోసుకుంది. చెప్పాను కదా, ఇళ్ళన్నీ వాగులోనే. వీధుల్లో బురద మోకాళ్ళ దాకా. ఆ ప్రాంతానికి దేశపు గ్రిడ్‌తో కనెక్షన్ లేదు, కరెంటు తయారయ్యేది అక్కడే, పోతే పోయినట్టే. నాన్న గనిలో చిక్కుకుపోయారు. ఆ రాత్రి దోన్యా మా ముగ్గురినీ తన ఇంటికి తీసుకెళ్ళింది. కొవ్వొత్తి వెలుగులో అమ్మ, ఆవిడ కూర్చుని వెల్లుల్లి వలుస్తూ తెల్లారేదాకా మాట్లాడుకున్నారు. పొద్దున్న ఏం చేస్తారని ఎవరో అడిగితే, నీళ్ళ ట్యాంకరు వచ్చేసరికి వరసలో నిలబడి ఉండాలి అని అమ్మే చెప్పింది, అందరికీ. రెండు వీధుల ఆడవాళ్ళని బకెట్లతో నిలబెట్టింది.

వేపచెట్టు అక్కకి అమ్మ చెప్పమన్న మాటలు: డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాకే విమానం ఎక్కండి. రోజుకి ఒక గంట స్పానిష్ ఇప్పటినుంచే మొదలుపెట్టండి. ఇంగువ, మినప్పప్పు, ప్రెషర్ కుక్కర్ రబ్బర్లు ఎక్కువ పట్టుకెళ్ళండి. ఇంటి కాగితం మీద మీ పేరు కూడా ఉండేలా చూసుకోండి, మీవారు లేనప్పుడు ఏ పనైనా మీరు చేయించుకోగలగాలి. ఇవి లేకుండా అయితే తను మళ్ళీ వెళ్ళనంది. ఇవి ఉంటే రేపే వెళ్తానంది.


బొగ్గుట్ట_బాబాయ్ · ఆదివారం రాత్రి 9:50

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. తుపాను రాత్రి షిఫ్టులో ఉన్న మనిషి కోసం ఇంట్లో ఎదురుచూడటం ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.


వేపచెట్టు · ఆదివారం రాత్రి 10:20

చదువుతుంటే కళ్ళు తడిశాయి. కొవావిలా అక్కా, మావారిని సల్తియో గురించి అడిగాను. కుటుంబాన్ని అక్కడ ఉంచవచ్చని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారట, నాకు చెప్పడం మర్చిపోయారట! రేపే డ్రైవింగ్ స్కూల్లో చేరతాను. రాగికొండా, ఏమీ అనుకోకపోతే అమ్మగారితో ఒకసారి మాట్లాడొచ్చా? పాప కూడా ఏవో అడుగుతుందట, అక్కడ కుక్కపిల్లలు ఉంటాయా అని మొదలుపెట్టింది.


రాగికొండ · ఆదివారం రాత్రి 10:32

కుక్కపిల్లలు వీధికి పది ఉంటాయని చెప్పండి! నంబరు మీకు విడిగా మెసేజ్ పెట్టాను అక్కా. రేపు సాయంత్రం ఆరు దాటాక చెయ్యండి, అమ్మకి ముందే చెప్పి ఉంచాను. పాపని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.